వడ్డీలు తగ్గాయి, బంగారం పెరిగింది: తిరుపతి, చిత్తూరు కుటుంబాలు పొదుపు ఎక్కడ పెట్టుకోవాలి?

బ్యాంకులో ఎఫ్‌డీ గడువు తీరి రెన్యువల్‌కి వెళ్తే పోయినసారి కన్నా తక్కువ వడ్డీ చెబుతున్నారు. 2024 మొదట్లో పది గ్రాములు 63 వేల దగ్గర ఉన్న బంగారం 2025 ఏప్రిల్‌లో లక్ష దాటేసింది. చంద్రగిరి వైపో రేణిగుంట వైపో కొత్త వెంచర్ వేశామని, ఇప్పుడు కొనకపోతే అంకణం (ఇక్కడి స్థలం కొలత) ధర మళ్లీ అందదని ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఇంకోపక్క ఆఫీసులో పక్క సీటాయన తన మ్యూచువల్ ఫండ్ ఎంత పెరిగిందో చూపిస్తాడు. ఇవన్నీ వింటున్న మనిషికి టెన్షన్ పుట్టడం సహజం. ఉన్న నాలుగు రూపాయలు ఇప్పుడు ఎందులో పెట్టాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇప్పుడు ఏది పెరుగుతోందని వెతికే ముందు మీ ఇంటి సంపాదన దేని మీద నడుస్తోందో చూసుకోండి. ఏ కారణంతో మీ రాబడి ఆగిపోగలదో, అదే కారణంతో మీ పొదుపు కూడా పడిపోయేలా ఉంటే అది పొదుపు కాదు. రెపో రేటు (బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ) ఎంత, బంగారం ఎటు పోతుంది అనేవి ఆ తర్వాత చూసుకోవాల్సిన సంగతులు.

తిరుపతికి ఈ మాట ఎందుకు అంత ముఖ్యమో 2020లో అందరం చూశాం. మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. మళ్లీ జూన్‌లో గానీ మొదలుకాలేదు. లాడ్జీలు, ట్యాక్సీలు, హోటళ్లు, పూల అంగళ్లు, బొమ్మల అంగళ్లు అన్నీ ఒకే రోజు ఖాళీ అయిపోయాయి. ఈ వ్యాపారాల మీద సంపాదించినవాళ్లు మిగిలిన డబ్బును కూడా ఊళ్లోనే ప్లాటుగానో, అద్దెకిచ్చే గదులుగానో, ఇంకో లాడ్జి లీజుగానో పెట్టి ఉంటే, వ్యాపారం ఆగిన నెలలోనే అద్దెలూ ఆగాయి. అమ్ముదామంటే కొనేవాళ్లు లేరు. అదే ఇంట్లో కాస్త బంగారమో, వేరే చోట డిపాజిట్టో ఉన్నవాళ్లు నిలదొక్కుకున్నారు. ఆ ఏడాది ఆగస్టులో బంగారం పది గ్రాములు 55 వేలు దాటింది కూడా. వాళ్లకు మార్కెట్ జాతకం ముందే తెలిసి కాదు, ఉన్నదంతా ఒకే గాలికి ఊగేలా పెట్టుకోలేదు, అంతే.

ఈ అయిదారేళ్లలో ఏం మారింది

వడ్డీలు ఎటు పోతున్నాయో చెప్పే అంకె ఆర్‌బీఐ రెపో రేటు. 2020 మేలో దాన్ని 4 శాతానికి దించారు. ధరలు పెరిగిపోతుంటే 2022 మే నుంచి పెంచుకుంటూ వెళ్లి 2023 ఫిబ్రవరికి 6.5 శాతం చేశారు. రెండేళ్లు అక్కడే ఉంచి, 2025 ఫిబ్రవరి నుంచి మళ్లీ తగ్గించుకుంటూ డిసెంబరుకి 5.25 శాతానికి తెచ్చారు. ఒక పిల్లవాడు ఆరో తరగతి నుంచి ఇంటర్‌కి వచ్చేలోపు వడ్డీలు కిందికి, పైకి, మళ్లీ కిందికి తిరిగాయి. ఇప్పుడున్న రేటే ఇక ఎప్పటికీ ఉంటుందనుకుని తీసుకున్న నిర్ణయం నిలవదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ధరల సంగతీ అంతే. వినియోగ ధరల పెరుగుదల 2022 ఏప్రిల్‌లో 7.79 శాతం ఉంది. 2025 అక్టోబరులో 0.25 శాతానికి పడిపోయింది. ఆహార ధరలు తగ్గడం అందులో పెద్ద కారణం. టౌన్‌లో పెన్షన్ మీద బతికే ఇంటికి ఇది ఊరట. పలమనేరు మార్కెట్‌కి టమాటా తోలే రైతుకు అదే అంకె కన్నీళ్లు. అందుకే టీవీలో ద్రవ్యోల్బణం తగ్గిందని చెప్పగానే అందరూ ఒకేలా సంతోషించాల్సిన పనిలేదు. మీరు కొనే పక్క ఉన్నారా, అమ్మే పక్క ఉన్నారా అన్నది ముందు చూసుకోవాలి.

మూడోది రూపాయి. 2008 మొదట్లో డాలరు 40 రూపాయల లోపే ఉండేది. 2025 డిసెంబరులో 90 దాటింది. మనం వాడే బంగారం దాదాపు అంతా బయటి నుంచి వచ్చేదే. అంతర్జాతీయ ధర కదలకపోయినా రూపాయి పడితే ఇక్కడ బంగారం పెరుగుతుంది. దిగుమతి సుంకం మారినా ధర మారుతుంది. 2024 జులై బడ్జెట్‌లో సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించగానే అంగళ్లలో రేటు ఒక్కసారిగా దిగింది.

ఎఫ్‌డీ, పోస్టాఫీసు, బాండ్లు

వడ్డీలు పెరిగే కాలంలో డిపాజిట్లు చిన్న గడువుకు వేసుకోవాలి, తగ్గే కాలంలో పెద్ద గడువుకు కట్టేసుకోవాలి. సూత్రం ఇంతే. 2021లో పెద్ద బ్యాంకులు అయిదేళ్ల డిపాజిట్‌కు అయిదున్నర శాతం దగ్గర ఇచ్చాయి. అప్పుడు అయిదేళ్లకు వేసినవాళ్లు 2023లో ఏడు శాతం వస్తుంటే చూస్తూ ఉండాల్సి వచ్చింది. 2023, 24లో పెద్ద గడువుకు వేసుకున్నవాళ్లు ఇప్పుడు నిశ్చింతగా ఉన్నారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట డిపాజిట్లకు బాగా సరిపోతుంది.

కానీ వడ్డీ శిఖరం ఎప్పుడో, అడుగు ఎప్పుడో బ్యాంకు మేనేజరుకే తెలియదు. అందుకని నేను చెప్పేది అంచెలుగా వేసుకోమని. పది లక్షలుంటే రెండేసి లక్షలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదేళ్లకు వేయండి. ఏటా ఒకటి చేతికొస్తుంది, దాన్ని మళ్లీ అయిదేళ్లకు వేస్తారు. వడ్డీలు పెరిగితే కొంత డబ్బు కొత్త రేటుకు వెళ్తుంది, తగ్గితే ఎక్కువ భాగం పాత రేటుకే ఉంటుంది. మధ్యలో అవసరం వచ్చినా మొత్తం డిపాజిట్టు విరగ్గొట్టి జరిమానా కట్టే పని ఉండదు.

తేడా ఎంత ఉంటుందో ఒక లెక్క చూడండి. 20 లక్షలు 7.25 శాతానికి ఉంటే ఏడాదికి 1,45,000 వస్తుంది. రెన్యువల్‌లో 6.25 శాతం అయితే 1,25,000. నెలకు 1,660 రూపాయలు పైగా తగ్గింది. పెన్షన్ లేని పెద్దవాళ్లకు అది నెల మందుల ఖర్చు. అరవై దాటినవాళ్లయితే ముందు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకాన్ని నింపుకోవాలి. 2023 ఏప్రిల్ నుంచి దాని పరిమితి ఒక్కొక్కరికి 30 లక్షలు. 2025లో వడ్డీ 8.2 శాతం ఇచ్చారు. 20 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 41,000 ఖాతాలో పడుతుంది. ప్రభుత్వం ఈ రేట్లను మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది గానీ, మీరు వేసిన రోజున్న రేటు మీకు అయిదేళ్లూ అలాగే ఉంటుంది. వడ్డీలు తగ్గుతున్న కాలంలో దీని విలువ ఇక్కడే. మంత్లీ ఇన్‌కమ్ స్కీముకు 2025లో 7.4 శాతం ఇచ్చారు. ఒక్కరి పేర 9 లక్షల దాకా, జాయింటుగా 15 లక్షల దాకా వేసుకోవచ్చు. వేసేముందు ఆ త్రైమాసికపు రేటు పోస్టాఫీసులో అడగండి.

వడ్డీలు మళ్లీ పెరుగుతాయన్న భయం ఉంటే ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్లు ఉన్నాయి. పోస్టాఫీసు ఎన్‌ఎస్‌సీ (నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్) రేటుకు 0.35 శాతం కలిపి ఇస్తారు, ఆరు నెలలకోసారి రేటు మారుతుంది. గడువు ఏడేళ్లు, మధ్యలో తీయడం కష్టం. ప్రభుత్వ బాండ్లు నేరుగా కొనాలంటే 2021 నవంబరు నుంచి ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ ఖాతా ఉంది. అయితే బాండు ధర, వడ్డీ రేటు ఎదురెదురుగా కదులుతాయని తెలుసుకుని దిగండి. పదేళ్ల బాండు ఉండగా వడ్డీలు ఒక శాతం తగ్గితే దాని ధర దాదాపు ఏడు శాతం పెరుగుతుంది, ఒక శాతం పెరిగితే అంతే పడుతుంది. గడువు దాకా ఉంచుకునేవాళ్లకు ఈ ఎగుడుదిగుడుతో పనిలేదు.

రెండు జాగ్రత్తలు చెప్పి ముందుకు వెళ్తాను. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి, అసలు వడ్డీ కలిపి, 5 లక్షల దాకానే. సహకార బ్యాంకులకూ ఇది ఉంటుంది, కానీ క్రెడిట్ సొసైటీలకు ఉండదు. బోర్డు మీద బ్యాంకు లాంటి పేరు చూసి మోసపోవద్దు. అగ్రిగోల్డ్ డిపాజిటర్లు పడిన అవస్థ మన రాష్ట్రంలో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. రెండోది పన్ను. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు 7 శాతం ఎఫ్‌డీలో చేతికి మిగిలేది 4.9. ధరలు ఏటా 6 శాతం పెరిగే కాలంలో ఆ డబ్బు అంకెల్లో పెరుగుతూనే సరుకుల్లో తగ్గిపోతుంది.

బంగారం

బంగారం పెరిగిన ప్రతిసారీ గాంధీ రోడ్డు అంగళ్లలో జనం తగ్గరు, ఎక్కువవుతారు. ఇంకా పెరుగుతుందేమోనన్న భయం అది. కానీ 2012లో పది గ్రాములు 31 వేల దగ్గర ఉన్న బంగారం 2018లో కూడా దాదాపు అక్కడే ఉంది. మధ్యలో 2015లో 26 వేల చిల్లరకు దిగింది కూడా. ఆరేళ్లు ఒక్క రూపాయి వడ్డీ లేదు, లాభం లేదు. అప్పుడు విసుగొచ్చి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు, ఇప్పుడు ఎగబడి కొంటున్నవాళ్లూ ఉన్నారు. ఆర్థిక వ్యవస్థ మీద నమ్మకం సడలినప్పుడు, రూపాయి పడినప్పుడు, ప్రపంచంలో వడ్డీలు తగ్గినప్పుడు బంగారం వెలుగుతుంది. అంతా సవ్యంగా సాగుతున్న ఏళ్లలో అలా పడి ఉంటుంది. అందుకే పొదుపులో పదిహేను శాతం దాకా ఉంచుకోవడం మంచిది. అంతకు మించి వద్దంటాను.

నగల రూపంలో కొంటే లెక్క ఇంకోలా ఉంటుంది. లక్ష రూపాయల బంగారానికి తరుగు, మజూరీ కలిపి 12 శాతం వేశారనుకోండి, 1,12,000. దాని మీద 3 శాతం జీఎస్టీ కలిపితే బిల్లు 1,15,360. మరునాడు అదే అంగడికి తీసుకెళ్లి అమ్మితే లోపలున్న బంగారానికే డబ్బిస్తారు. అంటే బంగారం 15 శాతం పెరిగితేనే మీరు పెట్టిన చోటికి వస్తారు. రాళ్లు పొదిగిన నగలకు ఇంకా నష్టం. పెట్టుబడి కోసమే అయితే గోల్డ్ ఈటీఎఫ్ (బంగారం ధరతో నడుస్తూ, షేరులా కొని అమ్ముకునే ఫండ్) నయం. సార్వభౌమ పసిడి బాండ్లు అన్నిటికన్నా మంచివి, ఏటా రెండున్నర శాతం వడ్డీ కూడా ఇచ్చేవి, కానీ 2024 ఫిబ్రవరి తర్వాత ప్రభుత్వం కొత్తవి ఇవ్వలేదు. పాతవి స్టాక్ ఎక్స్ఛేంజీలో దొరుకుతాయి, అక్కడి ధరను ఆనాటి బంగారం ధరతో పోల్చి చూసుకోవాలి.

ఆడపిల్ల పెళ్లి మూడు నాలుగేళ్లలో ఉంది, పది సవర్లు పెట్టక తప్పదు అనే ఇంటి సంగతి వేరు. వాళ్లకు బంగారం పెట్టుబడి కాదు, రాబోయే ఖర్చు. ఆ ఖర్చు ఎంతవుతుందో తెలియదు కాబట్టి ఏటా రెండు మూడు సవర్లు కొని పెట్టుకోవడం తెలివైన పనే, ధర ఎంతున్నా. నగలు చేయించి దాచకుండా నాణేలుగానో ఈటీఎఫ్‌గానో పెట్టుకుంటే పెళ్లినాటికి ఫ్యాషన్ మారినా మజూరీ రెండుసార్లు కట్టాల్సిన పని ఉండదు. అంగళ్లలో నెలనెలా కట్టే స్కీములకు డిపాజిట్ బీమా లేదన్నది గుర్తుంచుకోండి. నగ కొంటే 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసిన ఆరక్షరాల హెచ్‌యూఐడీ (నగ మీద ముద్రించే హాల్‌మార్క్ గుర్తింపు కోడ్) చూసి తీసుకోండి.

ప్లాటు

మన ప్రాంతంలో డబ్బు చేతికొస్తే మొదట పోయే చోటు ఇదే. దానికి కారణాలూ ఉన్నాయి. ఐఐటీ, ఐసర్ వచ్చాయి, శ్రీసిటీ పెరిగింది, బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే చిత్తూరు జిల్లా మీదుగా పోతోంది, 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది. భూమి కొని బాగుపడినవాళ్లు ప్రతి వీధిలో కనిపిస్తారు. కొని ఇరుక్కుపోయినవాళ్లు కూడా అదే వీధిలో ఉంటారు, వాళ్లు బయటికి చెప్పుకోరు.

ముందు లాభం లెక్క. 30 లక్షలకు ప్లాటు కొన్నారు. పూర్తి ధరకు రిజిస్టర్ చేయిస్తే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 2.25 లక్షలు. మొత్తం 32.25 లక్షలు పెట్టారు. అయిదేళ్లకు 45 లక్షలకు అమ్మారు. ఊరంతా సగానికి సగం లాభమంటుంది. బ్రోకరుకు రెండు శాతం 90 వేలు పోయింది. మిగిలిన 11.85 లక్షల లాభం మీద 12.5 శాతం పన్ను, 1.48 లక్షలు. చేతికి 42.62 లక్షలు. దీన్ని అయిదేళ్లకు పరిస్తే ఏడాదికి 5.7 శాతం పడుతుంది. పోస్టాఫీసు పథకం దీనికన్నా ఎక్కువిచ్చింది, అర్ధరాత్రి కబ్జా భయం కూడా లేకుండా. పన్ను తప్పించుకోవడానికి తక్కువ ధరకు రిజిస్టర్ చేయించుకుంటే అమ్మేటప్పుడు కాగితాల మీద కొన్న ధర తక్కువగా కనిపించి, పన్ను ఇంకా ఎక్కువ పడుతుంది. చట్టానికి కూడా అది తప్పే.

వడ్డీలు తగ్గేటప్పుడు హోమ్ లోన్లు చౌకై ప్లాట్లు, ఫ్లాట్లు కదులుతాయి. వడ్డీలు పెరిగినా, ఊళ్లో వ్యాపారం మందగించినా ధర పెద్దగా పడినట్టు కనిపించదు, ఎందుకంటే బేరాలే ఆగిపోతాయి. బోర్డు ధర అలాగే ఉంటుంది, ఆ ధరకు కొనేవాళ్లుండరు. షేరు పడితే కంటికి కనిపిస్తుంది, ప్లాటు పడితే కనిపించదు. తేడా అంతే తప్ప ప్లాటు పడదని కాదు. అందుకే రెండు మూడేళ్లలో పిల్లల ఫీజుకో, ఆపరేషన్‌కో కావాల్సిన డబ్బును భూమిలో పెట్టకూడదు.

ఇక కాగితాలు. తిరుపతి చుట్టుపక్కల దేవస్థానం భూములు, మఠం భూములు, ఇనాం భూములు, డీకేటీ పట్టా భూములు (పేదలకు ప్రభుత్వం ఇచ్చినవి) కలగలిసి ఉన్నాయి. సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందేమో చూడందే అడ్వాన్సు ఇవ్వొద్దు. డీకేటీ భూముల అమ్మకాలకు 1977 చట్టం అడ్డముంది, తర్వాత సవరణలు వచ్చాయి, కాబట్టి స్వయంగా లాయరు చూడందే ముట్టుకోవద్దు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీయండి. లేఅవుట్‌కు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి, ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉన్నాయో లేదో చూడండి. 500 చదరపు మీటర్లు మించిన లేఅవుట్లకు రెరా నమోదు తప్పనిసరి. ఇవన్నీ అడిగితే ముఖం చిట్లించే ఏజెంటు దగ్గర కొనకండి. ఇది ఒక్కటి పాటించినా మీ జీవితకాలపు కష్టార్జితం మిగులుతుంది.

షేర్లు, ఫండ్లు

2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేలు తాకింది. 2009 మార్చికి 8,160కి పడింది. మళ్లీ 21 వేలకు రావడానికి 2010 నవంబరు పట్టింది. 2020 మార్చి 23న ఒక్కరోజే 3,935 పాయింట్లు పడింది. జనవరిలో 42 వేలు తాకిన సూచీ 26 వేల లోపుకొచ్చింది, అదే ఏడాది నవంబరుకు పాత చోటు దాటేసింది. ఈ అంకెల్లో నాకు కనిపించేది ఒకటే. భయంతో అమ్ముకోవాల్సిన అవసరం రానివాళ్లే బయటపడ్డారు. కనీసం ఏడేళ్లు ముట్టుకోని డబ్బైతేనే ఇక్కడ పెట్టండి.

వడ్డీలు తగ్గితే షేర్లు పెరుగుతాయని అందరూ చెబుతారు. ఎందుకు తగ్గిస్తున్నారో కూడా చూడాలి. ధరలు అదుపులోకి వచ్చి తగ్గిస్తే కంపెనీలకు వడ్డీ భారం తగ్గి మంచిది. వ్యాపారాలు మందగించి తగ్గిస్తే లాభాలే పడిపోతాయి. దీన్ని ముందే పసిగట్టి లోపలికి, బయటికి తిరిగేంత తీరిక, నేర్పు సామాన్యులకు ఉండవు. ఖర్చు తక్కువుండే ఇండెక్స్ ఫండ్‌లో (సూచీలోని కంపెనీలన్నిటిలో వాటా కొనే ఫండ్) సిప్ (నెలనెలా కట్టే వాయిదా) పెట్టి, జీతం పెరిగినప్పుడల్లా దాన్ని పెంచుకుంటూ పోవడం చాలు. ఏడాది దాటి అమ్మితే, ఏడాదికి 1.25 లక్షల దాకా లాభంపై పన్ను లేదు, పైన 12.5 శాతం.

డెట్ ఫండ్లు (బాండ్లలో డబ్బు పెట్టేవి) ఎఫ్‌డీతో సమానమని చెప్పేవాళ్లను నమ్మవద్దు. 2020 ఏప్రిల్‌లో ఒక పెద్ద ఫండ్ కంపెనీ ఆరు డెట్ స్కీములను రాత్రికి రాత్రి మూసేసింది. డబ్బు తర్వాత వచ్చింది గానీ, అవసరానికి అందలేదు. పైగా 2023 ఏప్రిల్ తర్వాత కొన్నవాటికి పన్ను రాయితీ కూడా పోయింది. కొద్ది నెలల అవసరానికి లిక్విడ్ ఫండ్ (చాలా తక్కువ గడువు బాండ్లలో పెట్టేది) ఫర్వాలేదు.

చీటీల గురించి క్లుప్తంగా చెబుతాను. రిజిస్టరైన కంపెనీలో, రిజిస్ట్రార్ అనుమతి నంబరు చూసి కడితే అది అవసరానికి డబ్బు అందే మంచి మార్గం. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీకి చట్టం అండ లేదు. వ్యాపారాలు మందగించినప్పుడు ముందు పాడుకున్నవాళ్లే వాయిదాలు ఎగ్గొడతారు, అంటే సరిగ్గా మీకు డబ్బు కావాల్సిన కాలంలోనే చీటీ మునుగుతుంది.

ఎవరికి ఏది నప్పుతుంది

లాడ్జి లీజుకు తీసుకున్నవాళ్లు, ట్రావెల్స్ నడిపేవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, కొంచెం డబ్బుంది, తిరుచానూరు పక్క ఇంకో ప్లాటు కొనేదా?" వద్దంటాను. "నీ వ్యాపారం కొండకొచ్చే భక్తుల మీద ఉంది, నీ ఇల్లు ఈ ఊళ్లోనే ఉంది, ఉన్న ప్లాటూ ఈ ఊళ్లోదే. మూడోది వేరే చోట ఉండనీ నాయనా." వీళ్లు ముందు ఎనిమిది తొమ్మిది నెలల ఇంటి ఖర్చు, లీజు అద్దె కలిపి ఎఫ్‌డీల్లో ఉంచుకోవాలి. ఉద్యోగస్తులకు ఆరు నెలలు చాలు, వీళ్లకు చాలదు. ఆ తర్వాత ఇండెక్స్ ఫండ్, కొంచెం గోల్డ్ ఈటీఎఫ్. దేశమంతటి కంపెనీల్లో వాటా ఉంటే తిరుపతికి రద్దీ తగ్గిన ఏడాది కూడా అది తన దారిన తాను నడుస్తుంది.

బంగారుపాళెం మామిడి రైతుకు నెలనెలా సిప్ నప్పదు. డబ్బొచ్చేది మే నుంచి జులై లోపే, అదీ ప్రతి ఏడూ ఒకేలా రాదు. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోతే ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. అలాంటి ఏడాదిని తట్టుకోవాలంటే ఏడాది ఇంటి ఖర్చు, తోట ఖర్చు విడిగా ఎఫ్‌డీలో ఉండాలి. మంచి ధర పలికిన ఏడాది మిగిలింది లిక్విడ్ ఫండ్‌లో వేసి అక్కడి నుంచి నెలకింత ఈక్విటీ (షేర్ల) ఫండ్‌కు మారేలా పెట్టుకోవచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణం మూడు లక్షల దాకా 7 శాతం, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది. దాన్ని గడువుకు ముందే తీర్చేయాలని ఆరాటపడొద్దు, గడువు మాత్రం దాటనివ్వొద్దు. ప్రైవేటు వడ్డీకి తెచ్చిన అప్పుంటే అన్నిటికన్నా ముందు అదే తీర్చాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అంత లాభాన్ని నమ్మకంగా ఇచ్చే పెట్టుబడి ఎక్కడా లేదు.

చిత్తూరులో రిటైరైన టీచరుగారికి పెన్షన్ ఉంటే, ధరలతో పాటు డీఆర్ (పెన్షన్‌లో కరువు భత్యం) కూడా పెరుగుతుంది కాబట్టి ఆయన పొదుపులో ఇరవై శాతం ఈక్విటీలో ఉన్నా దిగులు లేదు. అది మనవళ్లకు ఉపయోగపడుతుంది. అదే వయసులో ప్రైవేటు కంపెనీ నుంచి బయటికొచ్చిన ఆయనకు పెన్షన్ నామమాత్రం. ఇద్దరికీ 40 లక్షలే ఉన్నా ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వకూడదు. రెండో ఆయన ముందు తన పేర సీనియర్ సిటిజన్స్ పథకం నింపుకుని, మిగిలింది అంచెల ఎఫ్‌డీలు వేసుకుని, ఈక్విటీకి పది శాతం మించకుండా చూసుకోవాలి. రిటైర్మెంట్ డబ్బు ఖాతాలో పడిన నెలలోనే బంధువులు, ఏజెంట్లు, బీమా పాలసీలు అమ్మేవాళ్లు చుట్టుముడతారు. మూడు నెలలు ఎవరికీ మాటివ్వకుండా మామూలు ఎఫ్‌డీలో ఉంచెయ్యండి సార్. ఆ మూడు నెలల్లో పోయే వడ్డీ చాలా తక్కువ, తప్పే ప్రమాదం చాలా ఎక్కువ.

శ్రీసిటీలో ఇద్దరూ ఉద్యోగం చేసే ముప్పయ్యేళ్ల దంపతులకు ఈపీఎఫ్ ఎలాగూ ఉంది. 2024-25కి 8.25 శాతం వచ్చింది. అది పెద్ద డిపాజిట్టే కాబట్టి వాళ్లకు వేరే ఎఫ్‌డీలు అత్యవసర నిధికి సరిపడా ఉంటే చాలు. మిగిలిన పొదుపులో ఎక్కువ భాగం ఈక్విటీకి పంపొచ్చు. తాము పనిచేసే రంగం షేర్లే కొనడం మాత్రం వద్దు, ఎగుమతులు తగ్గితే ఉద్యోగమూ, షేరూ కలిసి పోతాయి. వీళ్లకు హోమ్ లోన్ ఉంటే ఇంకో ఎంపిక కూడా ఉంది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులిచ్చిన ఫ్లోటింగ్ లోన్లు ఎక్కువగా రెపోకు ముడిపడి ఉంటాయి, రెపో తగ్గితే వీళ్ల వడ్డీ తగ్గుతుంది. తగ్గిందో లేదో స్టేట్‌మెంట్ తీసి చూడండి. పాత పద్ధతి లోన్ అయితే మార్చమని బ్యాంకులో రాతపూర్వకంగా అడగండి. వడ్డీ తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గించుకోకుండా పాత మొత్తమే కడుతూ పోతే గడువు కలిసొస్తుంది. వడ్డీ తొమ్మిది శాతం దాటిన కాలంలో బోనస్ వస్తే అసలుకు జమ చేయడం మేలు, ఫ్లోటింగ్ లోన్‌కు దానిమీద జరిమానా ఉండదు. ఏడున్నర, ఎనిమిది శాతం దగ్గర ఉంటే సగం లోన్‌కు, సగం ఫండ్‌కు పంపుకోవచ్చు.

ఎవరైనా సరే ఏడాదికోసారి, ఉగాదికో మార్చి నెలాఖరుకో, మొత్తం ఒక కాగితం మీద రాసుకుని చూడాలి. 2022లో పొదుపులో పదిహేను శాతమున్న బంగారం ఇప్పుడు ముప్పై శాతానికి దగ్గరగా ఉండొచ్చు, మీరు ఒక్క గ్రాము కొనకపోయినా. అప్పుడు నగలు అమ్మాల్సిన పనిలేదు. కొత్త పొదుపును ఏడాది రెండేళ్లు మిగతా వాటికి మళ్లిస్తే నిష్పత్తి దానంతటదే సర్దుకుంటుంది. ఈటీఎఫ్ రూపంలో ఉంటే కొంత అమ్మి తగ్గిన దాంట్లోకి మార్చుకోవచ్చు. ఆ కాగితంలో నామినీ పేర్లు, ఖాతా నంబర్లు కూడా రాసి, ఇంట్లో ఇంకొకరికి ఎక్కడుందో చెప్పి పెట్టండి.